నలభై రెండు సగాలు

మూడోసారి లెక్కపెట్టినా తొమ్మిదే వచ్చాయి.

మంచం మీద పాత దుప్పటి. దాని మీద బోర్లించిన గుండీల డబ్బా. తెల్లవి, నీలంవి, రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి, గుండీలన్నీ పోగుపడి ఉన్నాయి. వాటి పక్కన ముడి విప్పిన గుడ్డ మూటలో తొమ్మిది మాత్రలు. ఉండవలసినవి ముప్పై.

కోడలు తెర వైపు చూసింది. తెర అవతల ముందు గదిలో అత్తగారి కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. బడి చొక్కాలు కుట్టే చోటి నుంచి కోడలు రోజూ ఓ మోపు ఇంటికి తెచ్చుకుని కాజాలు కుడుతుంది. అత్తగారు మిగిలిన దారాలు కత్తిరిస్తుంది. కొడుకు పోయిన ఈ మూడేళ్లూ ఆ ఇల్లు గడిచింది ఆ సూది మీదా ఈ కత్తెర మీదానే.

దాచిపెట్టడంలో మన కోడలిని మించినవాళ్లు లేరు. ఆసుపత్రిలో మూడు నెలలకని తొంభై మాత్రలు ఇస్తే, సీసా మీది కాగితం గోటితో గీకి పారేసింది. సీసా గలగలమంటుందని మాత్రల్ని గుడ్డలో మూట కట్టింది. మూటను గుండీల అడుగున పెట్టింది. కాజాలు కుట్టే మనిషి గుండీల డబ్బాలో చెయ్యి పెడితే ఎవరికి అనుమానం వస్తుంది? అత్తగారు ఒకసారి చూడనే చూసింది. "రక్తం పట్టడానికి బలం మాత్రలు అత్తయ్యా" అనేసింది కోడలు. ఆ ఒక్క మాట మీద మూడేళ్లు గడిచిపోయాయి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డ మనిషి మాత్రలు లెక్క చూసుకోవడం మాత్రం మర్చిపోయింది. రోజూ సాయంత్రం ఆరింటికి మూటలో వేలు పెట్టి ఒకటి తీసుకోవడం, గుటుక్కున మింగడం. నిన్న సాయంత్రం వేలికి మాత్రల కన్నా గుడ్డే ఎక్కువ తగిలింది, అందుకే ఇవాళ డబ్బా బోర్లించింది.

వీధి తలుపు దగ్గర గొడుగు మూసిన చప్పుడైంది.

"వచ్చిందమ్మా గుండీల మహారాణి" అంది అత్తగారు, వినపడేలాగే. "ఈసారి ఏ చొక్కా?"

గొడుగక్క ఆసుపత్రి తరఫున ఇళ్ల వెంట తిరిగే మనిషి. తనూ అవే మాత్రలు వేసుకుంటుంది, పదకొండేళ్లుగా. ఏ తల్లి ఏ రోజు మందులకు రావాలో, ఏ బిడ్డకు ఇంకా పరీక్ష కాలేదో ఆమెకు నోటికి వచ్చు. అయినా వీధిలో ఆ ఊసు ఒక్క ముక్క పైకి రానివ్వదు. ఈ ఇంటికి వచ్చేటప్పుడల్లా సంచిలో ఒక చొక్కా వేసుకుని, వీధి మలుపులో ఆగి, దాని గుండీ పళ్లతో కొరికి తెంపి, కుట్టించుకోవడానికి వచ్చినట్టు వస్తుంది. చెప్పులు కుట్టేవాళ్ల ఇంటికి వెళ్లే రోజున చెప్పు తెంపుకుంటుంది. ఊరి తల్లులకు మందులు అందాలంటే ఆమె ఒంటి మీద ఏదో ఒకటి తెగాల్సిందే.

"నీ మొగుడు చొక్కా విప్పుతాడా, లాక్కుంటాడా తల్లీ? గుండీ నిలవదేంటి?"

"ఆయన పోయి ఎనిమిదేళ్లయింది పెద్దమ్మా. చొక్కాలే మిగిలాయి."

కత్తెర ఒక్క క్షణం ఆగింది. "అలాంటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉతుక్కోవాలి" అని గొణిగి అత్తగారు మళ్లీ పనిలో పడింది.

గొడుగక్క తెర తప్పించి లోపలికి వచ్చి మంచం చివర కూర్చుంది. కుశల ప్రశ్నలకు ఆమెకు ఓపిక లేదు.

"పిచ్చుక సంగతి ఏం చేశావు?" అంది గొంతు తగ్గించి. "రక్తపరీక్షకి మూడుసార్లు చీటీ రాయించాను. మొదటిసారి బళ్లో పరీక్షలన్నావు. రెండోసారి జలుబన్నావు. మూడోసారి వంక చెప్పే ఓపిక కూడా నీకు లేకపోయింది."

పిచ్చుక కోడలి కూతురు. తొమ్మిదేళ్లది. ఈడు పిల్లల భుజాల దాకా కూడా రాదు కాబట్టి ఇంట్లోనూ వీధిలోనూ అదే పేరు.

"బాగానే ఉందక్కా. గెంతుతూనే ఉంటుంది."

"చెవి?"

"దూది పెడుతున్నా."

"నెల నుంచి పెడుతున్నావు. దూదితో పోయేదైతే నేను ఎండలో ఈ గొడుగేసుకుని ఎందుకు తిరుగుతాను?" గొడుగక్క చూపు దుప్పటి మీద పడింది. "ఇవేంటి, ఇవేనా ఉన్నాయి? నీకింకా నెలకి సరిపడా ఉండాలే!"

"ఒట్టక్కా. ఒక్క రోజు కూడా మానలేదు. ఒక్క రోజు కూడా రెండు వేసుకోలేదు."

"మరి ఎలుకలు ఎత్తుకుపోయాయా?"

"ఎలుకలు కాదు."

తెర పక్కన అత్తగారు నిలబడి ఉంది. చేతిలో కత్తెర అలాగే ఉంది. ఆవిడ ముఖంలో తప్పు చేసిన జాడ ఇసుమంతైనా లేదు.

"నేనే తీశాను. పిల్లకి పెట్టాను. రోజుకి సగం."

కోడలు మూట వైపు చూసింది. గొడుగక్కే అడిగింది. "ఎన్నాళ్ల నుంచి పెద్దమ్మా?"

"నెలన్నర. నువ్వెవరమ్మా నన్ను అడగడానికి? గుండీ కుట్టించుకుని వెళ్లు."

"నన్నొక్క మాట అడగాల్సింది అత్తయ్యా" అంది కోడలు.

"అడిగాను. పోయిన ఎండాకాలంలోనే అడిగాను. పెద్దవాళ్ల మాత్రలన్నావు. పెద్దవాళ్ల మాత్ర సగానికి విరిస్తే చిన్నవాళ్లది కాదా?" అత్తగారు గొంతు పెంచింది. "మూడేళ్ల కిందట నువ్వెలా ఉండేదానివి? పుల్లకి గుడ్డ చుట్టినట్టు ఉండేదానివి. ఈ చేతులతో నీకు స్నానం చేయించాను. ఈ మాత్రలు వచ్చాకే మనిషివయ్యావు. అది నా కళ్లతో చూశాను. పిల్ల చూస్తే తిన్నది ఒంటికి పట్టక అలా ఉంది. అంత మంచి మందు డబ్బాలో దాచుకుని, కడుపున పుట్టినదానికి పెట్టకుండా నువ్వొక్కదానివే మింగుతున్నావే! తల్లివేనా నువ్వు?"

ఎన్నో మాటలు పడటానికి కోడలు ఈ మూడేళ్లలో సిద్ధపడింది. మొగుణ్ని తిన్నావనే మాటకు, ఇంట్లోంచి పొమ్మనే మాటకు జవాబులు కూడా కట్టి ఉంచుకుంది. ఈ మాటకు మాత్రం ఆమె దగ్గర జవాబు లేదు. పైగా అలసిపోయింది. రోజుకు నూటయాభై కాజాలు కుట్టడం కన్నా ఒక్క అబద్ధాన్ని మూడేళ్లు మోయడం ఆమెను ఎక్కువ అరగదీసింది.

"అవి బలం మాత్రలు కాదు అత్తయ్యా."

"మరేంటి?"

"నాకు హెచ్‌ఐవీ ఉంది. దానికి మందు అవి. రోజూ వేసుకుంటే అందరిలాగే బతుకుతాను. మానేస్తే మళ్లీ మంచం పడతాను."

బయట ఎవరిదో బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు తన చేతిలో కత్తెర ఎందుకుందో అర్థం కానట్టు దాని వైపు చూసింది.

"మావాడికి?"

కోడలు తల వంచుకుంది.

"నిన్నే. మావాడికి?"

"ఆయనకీ అదే. తెలిసేసరికే ఆలస్యమైపోయింది. అమ్మకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"ఊపిరితిత్తుల జ్వరమన్నావు."

"అదీ నిజమే. దాని వెనకాల ఉన్నది చెప్పలేదు."

అత్తగారు వెనక్కి తిరిగి ముందు గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి కత్తెర చప్పుడు మళ్లీ మొదలైంది. ఒక చొక్కా అయింది, రెండయ్యాయి, మూడయ్యాయి. ఏడుపు వినిపిస్తే కోడలికి కాస్త ఊరటగా ఉండేది. కత్తెర చప్పుడు భరించడం కష్టంగా ఉంది.

నాలుగో చొక్కా దగ్గర కత్తెర ఆగింది.

"ఏమ్మాయ్, గొడుగమ్మాయ్" అంది అత్తగారు తెర అవతల నుంచి. "ఎవరి నుంచి ఎవరికొచ్చిందో దాన్ని అడుగు."

అత్తగారికి కోపం ముదిరితే కోడలితో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఒక మనిషి కావాలి. రోజూ ఆ మనిషి పిచ్చుక. ఇవాళ గొడుగక్క.

"అది అడిగి నేను ఏం తెలుసుకోవాలి పెద్దమ్మా? మా ఇంట్లోనూ ఆ ప్రశ్న ఏళ్ల తరబడి నానింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అంతే. ఇప్పుడు అడగాల్సింది వేరే ఉంది. పిచ్చుకకి ఉందా, లేదా?"

తెర పక్కకి జరిగింది. అత్తగారు గడప మీద కూలబడింది.

"పిల్లకి చూపించలేదా? దాన్ని అడుగు."

"లేదు" అంది కోడలు.

"ఎందుకంట?"

"భయమేసింది అత్తయ్యా. నా పాలే కదా తాగింది. ఉందని తేలితే నా చేత్తో నేనే పెట్టినట్టు అవుతుంది. చూడనంతకాలం లేదనే అనుకుంటూ వచ్చాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని."

"తెలియక పట్టిన పాలకి నిన్నెవరూ ఏమీ అనరు" అంది గొడుగక్క. "తెలిశాక మూడేళ్లు ఊరుకున్నావు చూడు, దానికి మాత్రం నాకు నీ మీద కోపంగా ఉంది. పిల్లలకి మందుంది. బరువు చూసి ఇస్తారు. మా చిన్నది రెండేళ్లప్పటి నుంచి వేసుకుంటోంది. బళ్లో పరుగుపందెం పెడితే దాని వెనకాల దుమ్మే కనిపిస్తుంది."

"చిన్నది అంటున్నావు. పెద్దది కూడా ఉందా?" అంది అత్తగారు.

గొడుగక్క గొడుగు పట్టీని చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. "పెద్దవాడు. వాడి విషయంలో నేనూ రేపూ ఎల్లుండీ అన్నాను పెద్దమ్మా."

ఆ తర్వాత ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పట్టీ బిగించి ఆమే అంది. "ఇంకో మాట. పరీక్ష లేకుండా పెద్దవాళ్ల మాత్ర సగం సగం వెయ్యకూడదు. చాలీచాలని మందు వేస్తే జబ్బు దానికి అలవాటు పడిపోతుంది. తీరా అవసరమైనప్పుడు ఆ మందు పని చెయ్యకపోవచ్చు."

అత్తగారి చేతిలోంచి కత్తెర జారి నేల మీద పడింది. "అంటే నా మనవరాలికి నేను విషం పెట్టానా?"

"అలా అనట్లేదు. ముందు పిల్లని పిలవండి. వాంతులయ్యాయా, దద్దుర్లు వచ్చాయా అడగాలి."

పిలవక్కర్లేకపోయింది. పక్కింటి మెట్ల మీద ఆడుకుంటున్న పిచ్చుక తనే వచ్చింది, కుడి చెవిలో దూదితో, మోకాళ్ల మీద దుమ్ముతో. గదిలోకి అడుగు పెడుతూనే ఆగిపోయింది. బోర్లించిన గుండీల డబ్బా చూసింది. మూటలో మాత్రలు చూసింది. చివరికి నానమ్మ ముఖం చూసింది.

"ఇలా రావే" అంది అత్తగారు. ఆ గొంతులో ఇందాకటి మనిషే లేదు. "నేనిచ్చిన మాత్ర వేసుకున్నాక నీకు కడుపులో తిప్పేదా? వాంతి వచ్చేదా? నిజం చెప్పు, నిన్నేమీ అనను."

పిచ్చుక బడి సంచి దగ్గరికి వెళ్లి జామెట్రీ పెట్టె తీసుకొచ్చింది. మూత తెరిచింది. స్కేలు కింద, మొండి పెన్సిళ్ల కింద, నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం. దాన్ని దుప్పటి మీద పెట్టి విప్పింది.

సగం మాత్రలు. కొన్నిటి అంచులు తడికి కరిగి గరుకు తేలాయి. నాలుగు మాత్రలు మాత్రం నిండుగానే ఉన్నాయి. దగ్గరగా చూస్తే, మధ్యలో ఎండిన జిగురు చార.

"మింగలేదు" అంది పిచ్చుక. "నాలుక కింద పెట్టుకునేదాన్ని. నానమ్మ గ్లాసు కడగడానికి వెళ్లాక తీసేసేదాన్ని."

గొడుగక్క వేలితో ఒక్కొక్కటీ పక్కకి జరిపింది. అతికించినవి కూడా కలుపుకుంటే నలభై రెండు సగాలు. ఒక్కటీ తగ్గలేదు.

"ఎందుకు మింగలేదే?" అంది అత్తగారు.

"అవి అమ్మవి కదా. నువ్వు డబ్బాలోంచి తియ్యడం చూశాను. అవి తగ్గిపోతే అమ్మ మళ్లీ మంచం మీద నుంచి లేవదు. అప్పుడు లేవలేదుగా." పిచ్చుక ఒక మాత్ర తీసి అతుకు మీద వేలితో రుద్దింది. "అతికించి మళ్లీ డబ్బాలో వేసేద్దామనుకున్నా. నాలుగే అతికాయి. మిగతావి ఊడిపోయాయి. అమ్మకి చెబితే నిన్ను తిడుతుందని చెప్పలేదు."

కోడలికి ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. తను ఈ పిల్ల దగ్గర అన్నీ దాచిపెట్టాననుకుంది. ఆరేళ్ల వయసులో చూసినదంతా పిల్ల గుర్తు పెట్టుకుని, నెలన్నరగా రోజూ సగం మాత్ర చొప్పున తల్లిని కాపాడుకుంటూ వచ్చింది. ఒడిలోకి లాక్కుంటే దూది ఊడి పడింది. చెవి ఇంకా తడిగానే ఉంది.

"పని ఇంకా మిగిలే ఉంది" అంది గొడుగక్క. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. "మింగకపోవడం ఒకందుకు మంచిదే అయింది. పరీక్ష మాత్రం చెయ్యాల్సిందే. రేపు పొద్దున్న ఎనిమిదింటికి. ఈ విరిగినవన్నీ కూడా తీసుకురా, అక్కడ చూపించి వేరేవి ఇప్పిస్తాను. పిచ్చుకా, నువ్వూ రావాలి. వేలి మీద చిన్న సూది, ఒక్క చుక్క రక్తం. గంటలో చెప్పేస్తారు."

"నాకెందుకు?"

ముగ్గురు పెద్దవాళ్లు ఉన్న ఆ గదిలో ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలో అందరికీ తెలుసు. అత్తగారు నేల చూపులు చూసింది. గొడుగక్క కోడలి వైపు చూసింది. ఊరికేనమ్మా, బలం కోసం, అన్న మాట కోడలి నోటి చివరిదాకా వచ్చింది. మూడేళ్ల అలవాటు అది.

"నాకున్న జబ్బు నీకూ ఉందేమో చూడటానికి" అంది.

"ఉందా?"

"తెలీదమ్మా. నేనింతవరకు చూపించలేదు. అది నా తప్పు."

పిచ్చుక దుప్పటి మీది సగాల వైపు చూసింది. "ఉంటే నాకు వేరే మాత్రలు ఇస్తారా? నా పేరు రాసి?"

"నీ పేరు రాసి, నీ బరువు చూసి ఇస్తారు" అంది గొడుగక్క.

"అయితే నీవి తగ్గవుగా అమ్మా" అంది పిచ్చుక. "వస్తాను."

గొడుగక్క లేచింది. గడప దగ్గర అత్తగారు ఆమె సంచిలోని చొక్కా లాక్కుని, పోగులోంచి ఒక తెల్ల గుండీ ఏరి, అక్కడే కుట్టడం మొదలుపెట్టింది. మూడుసార్లు తప్పి నాలుగోసారి కన్నంలోకి సూది దూర్చింది. దారం పళ్లతో తెంపి చొక్కా ఆమె చేతిలో పెట్టింది.

"మళ్లీ వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రా. పోయినవాడి బట్టలు కొరక్కు."

ఆమె వెళ్లాక కోడలు గుండీలు డబ్బాలోకి ఎత్తింది. అత్తగారు కత్తెర తీసుకుని కూర్చుంది కానీ దారం కత్తిరించలేదు. పక్క గోడకు వేలాడుతున్న కొడుకు పాత చొక్కా వైపు చూస్తూ ఉండిపోయింది.

"మీ అమ్మని అడుగు" అంది చివరికి పిచ్చుకతో. "ఎనిమిదింటికి అక్కడ ఉండాలంటే ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాలి?"

"ఏడింటికి" అంది కోడలు, పిల్ల అడిగేలోపే.

"నేనూ వస్తున్నానని చెప్పు."

ఆరయింది. రోజూ ఈ వేళకు కోడలు డబ్బా తీసుకుని తెర వెనక్కి వెళ్తుంది. ఇవాళా కాళ్లు అటే నడిచాయి. పిచ్చుక అడ్డం వచ్చి నీళ్ల గ్లాసు చేతికిచ్చి, అక్కడే నిలబడింది. కోడలు అత్తగారి ఎదురుగా మూట విప్పింది. ఒక మాత్ర తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఒక్క మాట" అంది అత్తగారు.

ఈసారి మధ్యలో ఎవరూ లేరు. ఆవిడ నేరుగా కోడలి కళ్లలోకి చూస్తోంది.

"ఆ పరీక్షేదో వాడికి ముందే చేయించి ఉంటే, ఇవే వాడూ వేసుకుని ఉంటే, వాడు బతికేవాడా?"

కోడలు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నోట్లో మాత్ర కరగడం మొదలై చేదు గొంతులోకి దిగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అత్తగారికీ తెలుసు.

చాలాసేపటికి అత్తగారే చూపు తిప్పుకుంది.

"ముందు మింగు" అంది. "పిల్ల చూస్తోంది."